మా ఆవిడే చెప్పింది

"ఊరందరికీ జాగ్రత్తలు చెప్తావు, నా మాత్రల సంగతి మాత్రం గాలికొదిలేసి పోతున్నావు" అంది అత్తగారు, కోడలు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే.

మాత్రలు ఎక్కడుంటాయో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. భోజనాల బల్ల మీద, నీళ్ళ గ్లాసు పక్కన, మూత మీద 'మధ్యాహ్నం' అని రాసిన డబ్బాలో. ఆ అక్షరాలు రాసింది ఆమే, డబ్బాలో మాత్రలు సర్దింది ఆమే, గ్లాసు కడిగి నీళ్ళు పోసి పెట్టిందీ ఆమే. ఇక మిగిలింది మింగడం. ఆ ఒక్కటీ కూడా ఆమె చేసిపెడితే గానీ లోటు తీరేట్టు లేదు. "బల్ల మీదున్నాయి అత్తయ్యా" అంది. అది పొద్దుటి నుంచి నాలుగోసారి.

మూడు రోజులుగా వాన ఆగలేదు. అయిదింటికే లేచి మూడు పూటలకీ వండేసింది. ఆరని బట్టల మీద ఇస్త్రీ పెట్టి తడి లాగేసింది. కరెంటు పోతే మోటారు ఆడదని బకెట్లన్నీ నింపింది. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ రెండో చేతిలో ఫోను ఉంది, అందులో గంట గంటకీ రిజర్వాయరు మట్టం వస్తోంది. భర్త ఆఫీసుకి సెలవిచ్చారు. వాన పడితే అతనికి సెలవు, ఆమెకు రెట్టింపు పని. అతను సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని ఫోనులో ఏదో వీడియో చూస్తున్నాడు. అందులో ఎవరో పెద్దమనిషి చెయ్యి ఊపుతూ తుఫానులన్నీ విదేశాల్లో మిషన్లు పెట్టి తయారుచేస్తున్నారని చెప్తున్నాడు.

"ఏమండీ, వినండి. పన్నెండింటికి గేట్లు ఎత్తుతారు. మూడింటికల్లా లోవంతెన మునుగుతుంది. మీరు గానీ అత్తయ్య గానీ అటువైపు..."

అతను కళ్ళు ఫోను మీంచి తియ్యకుండా అరచెయ్యి పైకెత్తాడు. "ఒక్క నిమిషం."

ఆమె నిలబడింది. వీడియోలో పెద్దమనిషి సముద్రాన్ని మరగబెట్టే సంగతికి వచ్చాడు. నిమిషం అయిపోయింది, ఇంకో నిమిషం కూడా అయిపోయింది. చెయ్యి అలాగే ఉంది. చివరికి ఆమే, "గేట్లు ఎత్తుతున్నారండీ, అందుకే చెప్తున్నా" అంది.

"ఎత్తుతార్లే. నువ్వెళ్ళి ఎత్తాలా ఏంటి?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. "సాయంత్రం పెందరాళే రా. అమ్మకి నువ్వు లేకపోతే తోచదు."

ఆమె గొడుగు తీసుకుని బయటపడింది. మెట్లు దిగుతుంటే లోపలినుంచి అత్తగారి గొంతు వినిపించింది, మాత్రలు ఎక్కడా కనిపించడం లేదని.

ఆమె పనిచేసేది విపత్తు సమాచార కేంద్రంలో. పేరు పెద్దది గానీ ఉన్నది ఒక్క గది. గోడకి ఆరు కెమెరాల తెరలు, బల్ల మీద వరసగా ఫోన్లు, మధ్యలో ఒక మైకు. ఆ మైకులో మాట్లాడితే వీధి స్తంభాల మీదున్న లౌడ్ స్పీకర్లన్నిట్లోనూ, ఊరి రేడియోలోనూ ఒకేసారి వినిపిస్తుంది. పదకొండేళ్ళుగా ఆ మైకులో వచ్చే ప్రతి మాటా ఆమె రాసిందే. ఒక్కటి కూడా ఆమె నోటినుంచి రాలేదు. చదివేది పెద్దసారు. "జనానికి మగ గొంతయితేనే కాస్త భయం, భక్తీ ఉంటాయమ్మా. నీదేమో మరీ ఇంట్లో మాట్లాడినట్టుంటుంది" అని ఉద్యోగంలో చేరిన మొదటి వారమే తేల్చేశాడు. ఆమె 'బయటికి రాకండి' అని రాస్తే ఆయన దాన్ని 'ప్రజలు సంచారమును నివారించవలెను' అని దిద్దుతాడు. ఆమె మళ్ళీ 'బయటికి రాకండి' అని మార్చి చేతికిస్తుంది. ఆయన గమనించకుండా గంభీరంగా చదివేస్తాడు. పదకొండేళ్ళుగా ఇదే తంతు.

ఇంట్లో ఆ ఉద్యోగానికి ఉన్న విలువ ఇంకా తక్కువ. "చీటీలు రాసే పని" అంటాడు భర్త, చుట్టాలెవరైనా అడిగితే. "ఎవరో చదువుతారు, ఈవిడ చీటీ అందిస్తుంది." వాళ్ళు నవ్వుతారు. ఆమె టీ కప్పులు తీసుకుని లోపలికి పోతుంది. ఆ చీటీల్లో ఏ మాట ముందు రావాలో, ఏది తర్వాత రావాలో, ఏ మాట వింటే మనిషి భయపడి పరుగెత్తుతాడో, ఏది వింటే నిలబడి ఆలోచిస్తాడో ఆమె ఎంత తల బద్దలు కొట్టుకుంటుందో ఎవరికీ పట్టదు. ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉంటాయి గనక తీరుబడిగా రాయాల్సినవన్నీ ఇంటికి తెచ్చుకుంటుంది. వాటిల్లో ముఖ్యమైనవి నమూనా ప్రకటనలు. ప్రమాదం ముంచుకొచ్చాక కూర్చుని రాస్తే చేతులు వణుకుతాయి, మాటలు తప్పుతాయి. అందుకని నిప్పంటుకుంటే ఏం చదవాలి, గ్యాసు లీకయితే ఏం చదవాలి, రిజర్వాయరు కట్ట తెగితే ఏం చదవాలి, అన్నీ ముందే రాసి ఫైల్లో పెట్టుకుంటారు. టైము రాయాల్సిన చోట ఖాళీ వదిలేస్తారు. ప్రతి కాగితం నెత్తిన ఎర్రసిరాతో 'నమూనా, విడుదలకు కాదు' అని ముద్ర కొడతారు. కట్ట తెగే నమూనా ఆమె నాలుగు నెలల కిందట ఒక ఆదివారం రాసింది, స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటే, భోజనాల బల్ల దగ్గర కూర్చుని. దాని కాపీ ఇంటి బీరువాలో ఉంది.

పన్నెండింటికి గేట్లు ఎత్తారు. ఎత్తక తప్పదు, మట్టం ఇంకొంచెం పెరిగితే కట్టకే ముప్పు. ఆ నీళ్ళు ఊళ్ళోకి రావడానికి మూడు గంటలు. ఇళ్ళు మునగవు. పల్లపు కాలనీకీ గుట్టకీ మధ్యనున్న లోవంతెన మాత్రం నిలువులోతు మునుగుతుంది. కాబట్టి ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళల్లో ఉంటే చాలు, వంతెన ఎక్కకుండా ఉంటే చాలు. అదే రాసింది, పెద్దసారు రెండుసార్లు చదివాడు. అంతా సవ్యంగానే ఉంది.

ఒంటిగంటా యాభైకి, కెమెరాలు చూసే అమ్మాయి, "మేడం, ఇటు చూడండి" అంది.

మూడో తెరలో లోవంతెన. దాని మీద మనుషులు. పదిమంది, ఇరవైమంది కాదు, కాలనీ వైపు నుంచి వరసగా వస్తూనే ఉన్నారు. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, ముసలివాళ్ళ చెయ్యి పట్టుకున్నవాళ్ళు. ఎవరి చేతిలోనూ సామాను లేదు. ఎవరూ పరుగెత్తడం లేదు. వానలో తడుస్తూ బుద్ధిగా నడుస్తున్నారు. ఆ నడక చూసి ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో అప్పటికింకా తెలీలేదు.

అంతలో ఆ అమ్మాయి ఫోను మోగింది. వాళ్ళమ్మ. పల్లపు కాలనీలోనే ఉంటుంది. "అమ్మా, బయటికి రాకు. నేనిక్కడే ఉన్నాను కదా, చెప్తున్నా, ఏం తెగలేదు... ఎవరు చెప్పారు?... అమ్మా, నా మాట విను..." ఫోను పెట్టేసి బిక్కమొహం వేసుకుంది. "కట్ట తెగిందట మేడం. మన ఆఫీసులో పనిచేసే ఆవిడే చెప్పిందట. నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలియనివ్వరులే అంటోంది. తలుపు తాళం వేసుకుని బయల్దేరింది."

"ఏ ఆవిడ?"

ఆ అమ్మాయి తన ఫోను ఆమెకిచ్చింది.

తెర మీద ఒక కాగితం ఫొటో. 'రిజర్వాయరు కట్టకు ఈ రోజు 1 గంటకు గండి పడింది. పల్లపు కాలనీలో ఉన్నవారు సామాను కోసం ఆగకండి. పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని లోవంతెన మీదుగా గుట్ట వైపు నడవండి. పరుగెత్తకండి. నీళ్ళు రావడానికి మూడు గంటలు పడుతుంది. మీకు టైముంది.' కింద ఆఫీసు పేరు. పైన ఉండాల్సిన ఎర్రముద్ర లేదు, కాగితం అక్కడికి వెనక్కి మడిచి ఉంది. కాగితం చుట్టూ నీలం గళ్ళ ప్లాస్టిక్ గుడ్డ. ఆ గుడ్డ మీద ఎంత తోమినా పోని టీ మరక. రోజుకు మూడుసార్లు ఆమె తుడిచే బల్ల అది. ఖాళీ వదిలిన చోట నీలం పెన్నుతో '1' అని వేసి ఉంది, పైన చిన్న టోపీతో, కింద అడ్డగీతతో. ఆ అంకె అలా వేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

ఫొటో కింద ఒక గొంతు సందేశం. నొక్కింది.

"మిత్రులారా, ఇది లోపలి సమాచారం. మా ఆవిడ అక్కడే పెద్ద హోదాలో ఉంది. తన చేత్తో రాసిన ఆర్డరే ఇది. పైవాళ్ళు బయటపెట్టనివ్వడం లేదట. మా ఆవిడే చెప్పింది. మనవాళ్ళు కాబట్టి చెప్తున్నా, ఆలస్యం చెయ్యకండి."

పెద్ద హోదా! ఆమెకు చెవులు వేడెక్కాయి. పదిహేనేళ్ళ కాపురంలో ఆ నోటినుంచి ఆ మాట వినడం అదే మొదలు. చీటీలు రాసే మనిషికి గ్రూపులో చెప్పుకోవాల్సొచ్చేసరికి హోదా వచ్చేసింది. ఆమె చెప్తే ఇంట్లో సోఫా మీంచి కాలు కదలదు, ఆమె చెప్పని మాటకి కాలనీ కాలనీ కదిలి వంతెన మీదికొచ్చింది. అదీ ఎంత చక్కగా వస్తోంది! పరుగెత్తకండి అని రాసింది, పరుగెత్తడం లేదు. సామాను వద్దని రాసింది, ఎవరూ తేలేదు. మీకు టైముంది అన్న ముక్క కోసం ఆ ఆదివారం అరగంట కూర్చుంది, అన్నం అడుగంటితే మాట పడింది. ఆ అరగంట ఫలితం ఇప్పుడు మూడో తెరలో నిమ్మళంగా నడుస్తోంది, చావుకి ఎదురుగా.

భర్తకి ఫోను చేసింది. రెండో రింగుకే ఎత్తాడు. గొంతులో హుషారు.

"చూశావా, మన గ్రూపు నుంచి ఎన్ని గ్రూపులకి వెళ్ళిపోయిందో!"

"కట్ట తెగలేదండీ."

"అంటే... తెగొచ్చు కదా? గేట్లెత్తుతారని నువ్వే అన్నావుగా పొద్దున."

"ముద్ర ఎందుకు మడిచారు?"

"అది అడ్డంగా ఉంది. ఫొటో సరిగ్గా రాలేదు."

"టైము ఎందుకు వేశారు?"

"ఖాళీ ఉంటే ఎవరు నమ్ముతారు? నేను నింపింది ఒక్క అంకె. మిగతాదంతా నువ్వు రాసిందే కదా! గ్రూపులో అందరూ అడుగుతున్నారు, మీ ఆవిడ అక్కడే కదా లోపలి కబురేంటని. తెలీదంటే నా మొహం ఏం కాను?"

ఆ మొహం కోసం. ఆమె కళ్ళు మూడో తెర మీదే ఉన్నాయి. ఒక ముసలాయన వంతెన మధ్యలో ఆగి, రెయిలింగు పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. టైముంది కదా మరి.

ఈలోగా పెద్దసారు మైకు అందుకున్నాడు. "కొందరు గిట్టనివాళ్ళు వదంతులు వ్యాపింపజేస్తున్నారు. ప్రజలు నమ్మవద్దని మనవి." మూడుసార్లు చదివాడు. మూడోసారి చదివేసరికి వంతెన మీద జనం ఇంకా పెరిగారు. ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. ఆమె ఎత్తిన మొదటి ఫోనులోనే ఒకాయన ఒంటికాలి మీద లేచాడు. "ఇంకెంతసేపు దాస్తారండీ? మీ దాంట్లో పనిచేసే ఆవిడకున్న పాటి జాలి మీకు లేదా? పాపం ఆవిడ ఉద్యోగం పోతుందని తెలిసి కూడా చెప్పింది." వంతెన దగ్గరున్న పోలీసు పెద్దసారుకి చేసిన ఫోను మరీ అన్యాయం. "ఒక్కడినే ఉన్నాను సార్. ఆపితే ఫోను తీసి మొహం మీద పెడుతున్నారు. నన్ను తోసేసి పోతున్నారు."

గోడ గడియారంలో రెండుంపావు.

"నేను మాట్లాడతాను సార్" అంది ఆమె.

"నువ్వా?"

"ఆవిడే చెప్పిందని కదా వెళ్తున్నారు. ఆ ఆవిడ చెప్పలేదని ఇంకెవరు చెప్తే నమ్ముతారు?"

పెద్దసారు మైకుని తనవైపు జరుపుకున్నాడు. కోపంగా కాదు, నిజంగా జాలితోనే అన్నాడు. "మీ ఆయన పేరు బయటికొస్తుందమ్మా. పోలీసు కేసవుతుంది. సంసారం రోడ్డున పడుతుంది. కాస్త నిదానించు."

చేతిలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి భర్త గొంతులో హుషారు లేదు. ఎవరో భయపెట్టినట్టున్నారు. "ఇదిగో, విను. ఎవరో నా ఫోను హ్యాక్ చేశారని మీవాళ్ళ చేత చెప్పించు. గొంతు కూడా కంప్యూటరుతో తయారుచేశారని చెప్పు. ఈ రోజుల్లో అలా చేస్తున్నారు, జనం నమ్ముతారు." అంతలో ఫోను చేతులు మారింది. "అమ్మాయ్, మగాడన్నాక ఏదో ఉత్సాహంలో పొరపాటు చేస్తాడు. నువ్వే కడుపులో పెట్టుకోవాలి. ఇంటి పరువు వీధిన పడేస్తావా?"

కడుపులో పెట్టుకోవాలి. ఏవేవి పెట్టుకుంది ఇన్నేళ్ళూ! చీటీల జోకులు, కూరలో ఉప్పు, చుట్టాల నవ్వులు, అరచెయ్యెత్తి ఆపిన నిమిషాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు వంతెన మీది జనాన్ని కూడా అందులోనే పెట్టుకోమంటున్నారు. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం వేసి కప్పమంటున్నారు, అదీ ఆమె చేత్తోనే రాయమంటున్నారు. ఆమెకు అరికాలి నుంచి నడినెత్తి దాకా మండింది. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే కోపం కాదది.

"అత్తయ్యా, ఇంట్లో రేడియో ఉంటే పెట్టుకోండి" అని ఫోను కట్టేసింది. కెమెరాల అమ్మాయి వైపు చూసింది. వాళ్ళమ్మ ఆకుపచ్చ గొడుగు ఆ తెరలో అప్పుడే వంతెన మొదట్లోకి వచ్చింది. ఆ అమ్మాయి లేచి వచ్చి, పెద్దసారు ముందునుంచి మైకు తీసి ఆమె ముందు పెట్టింది. పెద్దసారు తెర వంక, గడియారం వంక చూసి, తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆమె చేతిలో కాగితం లేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఏమీ రాసుకోకుండా మొదలుపెట్టింది.

"వంతెన మీదున్నవాళ్ళు ముందు ఆగండి. కట్ట తెగలేదు. ఇది విపత్తు సమాచార కేంద్రం. మీ ఫోన్లలో తిరుగుతున్న కాగితం రాసింది నేనే. అది ఇవాల్టిది కాదు. ఎప్పుడైనా కట్ట తెగితే చదవడానికని నాలుగు నెలల కిందట మా ఇంట్లో కూర్చుని రాసి పెట్టుకున్న నమూనా. పైన ఎర్రముద్ర ఉంది. ఆ ముద్ర మడిచేసి, ఖాళీలో టైము వేసి, ఫొటో తీసి పంపింది నా భర్త. 'మా ఆవిడే చెప్పింది' అంటున్న గొంతు ఆయనదే. నేనలా చెప్పలేదు. పొద్దున ఇంట్లోంచి వచ్చేటప్పుడు నేను ఆయనకి చెప్పింది వేరే. గేట్లు ఎత్తుతున్నారు, మూడింటికల్లా లోవంతెన మునుగుతుంది, అటు వెళ్ళొద్దు అని చెప్పాను. ఆయన వినలేదు. మీరైనా వినండి. వెనక్కి తిరిగి ఇళ్ళకి వెళ్ళండి. గుట్ట వైపు దగ్గరగా ఉన్నవాళ్ళు అటే దాటేయండి. ఈసారి పరుగెత్తండి."

గదిలో ఫోన్లు మోగుతున్నాయి, ఎవరూ ఎత్తలేదు. అందరూ మూడో తెర ముందు నిలబడ్డారు. స్తంభాల మీది స్పీకర్లలోంచి ఆమె గొంతు వంతెన దాకా చేరడం వాళ్ళకి మనుషుల మెడల్లో కనిపించింది. ఒక్కొక్కరే తలెత్తారు. ముందు ఒక బాలింత ఆగింది. పక్కనున్న ఆమెతో ఏదో అంది. ఇద్దరూ వెనక్కి తిరిగారు. మైకులో ఆమె ఇంకోసారి చెప్పింది, అవే మాటలు, ఒక్కటీ తగ్గించకుండా. వరస మధ్యలో తెగింది. సగం అటు, సగం ఇటు పరుగందుకున్నారు. ఆయాసపడుతున్న ముసలాయన్ని పోలీసు వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆకుపచ్చ గొడుగు వెనక్కి తిరిగి కాలనీ సందులోకి మాయమయ్యాక కెమెరాల అమ్మాయి కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

రెండూ యాభైకి వంతెన ఖాళీ అయింది. మూడు కాకముందే నీళ్ళొచ్చాయి, ఎర్రగా, కొమ్మల్నీ రేకుల్నీ మోసుకుంటూ. రెయిలింగు కూడా కనిపించలేదు.

అయితే పని అవ్వలేదు. మునిగిన వంతెన ఫొటోలు అప్పుడే ఫోన్లలోకి ఎక్కేశాయి. చూశారా, కట్ట తెగింది, ఆవిడ రాసిన కాగితమే నిజం అని కొత్తగా మొదలైంది. ఊరి చివరనున్న పాత రైలు వంతెన మీదుగా పోదామని కొందరు బయల్దేరుతున్నారట. ఆమె మాట్లాడింది రికార్డయి ఉంది. దాన్నే పది నిమిషాలకోసారి వేస్తున్నారు. భర్త నుంచి ఇరవైమూడు ఫోన్లు వచ్చాయి. ఒక్కటీ ఎత్తలేదు.

నాలుగింటికి పెద్దసారు ఒక కాగితంతో వచ్చాడు. ఆమె మాటలన్నీ తన చేత్తో రాసుకొచ్చాడు, మధ్యలో నాలుగు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి. గొంతు తగ్గించి, సొంత చెల్లెలికి చెప్పినట్టే చెప్పాడు.

"గండం గడిచింది కదమ్మా. మీ ఆయన ముక్కలు తీసేసి మిగతాది నేను చదువుతాను. సాయంత్రం దాకా ఊరంతా అదే మోగితే నువ్వు ఇంటికెలా వెళ్తావు?"

ఆమె కాగితం అందుకుంది. కొట్టేసిన వాక్యాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివింది, ఏ ప్రకటననైనా బయటికి పంపేముందు సరిచూసుకున్నట్టే.

"ఇంటి సంగతి నేను చూసుకుంటాను సార్. వీటిల్లో అబద్ధం ఏదో మీరు చూపించండి. ఉంటే నా చేత్తో నేనే కొట్టేస్తాను."

ఆయన కాగితం వెనక్కి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. రికార్డు వేసి మళ్ళీ పది నిమిషాలయింది. ఆమె మీట నొక్కింది.